లకులకు నది వెంట వలామి కాలిబాట: అమ్మానాన్నలతో నడవవచ్చా? దారిలోని పాత ఊళ్ల సంగతి ఏమిటి?

ప్రశ్న (షిన్చు పరిశోధక విద్యార్థి):

అందరికీ నమస్కారం. నేను తైవాన్‌లోని షిన్చులో నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. వచ్చే నవంబరులో మా అమ్మానాన్నలు నర్సీపట్నం నుంచి మూడు వారాల కోసం ఇక్కడికి వస్తున్నారు. మా నాన్నగారు చింతపల్లి ప్రాంతంలోని బడుల్లో చాలా ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఏ ఊరు వెళ్లినా అక్కడి కొండల్లో ఎవరు ఉండేవారు, ఏం పండించేవారు అని అడిగి తెలుసుకోవడం ఆయనకు అలవాటు. అందువల్ల తైపేలోని పెద్ద భవనాలతో పాటు ఒక కొండ ప్రాంతాన్ని కూడా వారికి చూపించాలని ఉంది.

మొదట తరోకోలోని షకాదాంగ్ నది బాట గురించి ఆలోచించాను. 2024 ఏప్రిల్ 3 నాటి భూకంపంలో కొండచరియలు విరిగిపడి ఆ బాట బాగా దెబ్బతిన్నందువల్ల ఆ ఆలోచన మానుకున్నాను. తరువాత ప్రయోగశాలలోని ఒక తైవానీ మిత్రుడు హువాలియెన్ జిల్లా దక్షిణ భాగంలో, యూలీ పట్టణానికి పైన, లకులకు నది వెంట సాగే వలామి బాట గురించి చెప్పాడు. పూర్వం బునున్ ఆదివాసుల ఊళ్లు ఆ దారి పొడవునా ఉండేవని, ఇప్పుడు అక్కడ ఎవరూ నివసించడం లేదని అన్నాడు. అంతకు మించి అతనికీ తెలియదు.

నాకు తెలియవలసినవి రెండు విషయాలు. మా అమ్మకు మోకాలి నొప్పి ఉంది. సమతలం మీద గంటన్నర నడవగలదు కానీ మెట్లు ఎక్కువైతే ఇబ్బంది పడుతుంది. ఆ బాటలో ఆమె ఎంతవరకు రాగలదు? రెండవది, ఆ ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి? నాన్నగారు తప్పకుండా అడుగుతారు, అప్పుడు నేను సమాచార ఫలకం చదివి వినిపించే స్థితిలో ఉండకూడదని కోరిక. నడిచి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం 1 (తూర్పు తీరం):

మీ ప్రశ్న చూసి సంతోషం కలిగింది. నేను పదకొండేళ్లుగా హువాలియెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ బాటలో వేరు వేరు ఋతువుల్లో ఆరుసార్లు నడిచాను.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. నది వెంట బాట అనగానే మనకు గోదావరి గట్టు మీద నడకలాంటిది తోస్తుంది. వలామి బాట అటువంటిది కాదు. నది లోయ అడుగున పారుతూ ఉంటుంది, బాట కొండవాలును తొలిచి ఆ నదికి చాలా ఎత్తున సాగుతుంది. అడవి చిక్కగా ఉన్నచోట నీటి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. చెట్లు తొలగిన మలుపుల్లో కిందికి చూస్తే తెల్లని బండల మధ్య నీలి చార కనిపిస్తుంది. నీటిలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చని అమ్మగారికి ముందే ఆశ పెట్టకండి.

ఇక ప్రయాణం. తైపే నుంచి యూలీకి వేగంగా వెళ్లే రైలులో సుమారు మూడు గంటలు పడుతుంది. సెలవు దినాల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి. యూలీలో రాత్రి బస చేసి, తెల్లవారగానే టాక్సీ మాట్లాడుకుని నాన్ఆన్ సందర్శక కేంద్రం మీదుగా వెళ్లండి. అక్కడి నుంచి బాట మొదలయ్యే చోటికి ఇంకా ఆరు కిలోమీటర్ల కొండ రోడ్డు ఉంటుంది. ఆ ఆరు కిలోమీటర్లు కూడా నడిపిస్తే అమ్మగారి ఓపిక అక్కడే అయిపోతుంది కనుక టాక్సీని చివరిదాకా తీసుకువెళ్లి, తిరిగి రావలసిన సమయం డ్రైవరుతో ఖాయం చేసుకోండి.

బాట మొదటి నుంచి వలామి విడిది గృహం దాకా 13.6 కిలోమీటర్లు. అంత దూరం ఒక్క రోజులో వెళ్లి రావడం మీకు సాధ్యం కాదు. విడిదిలో రాత్రి ఉండాలంటే యూషాన్ జాతీయ ఉద్యానవనం ఇచ్చే ప్రవేశ అనుమతితో పాటు పోలీసు శాఖ ఇచ్చే కొండ ప్రవేశ అనుమతి కూడా ముందుగా తీసుకోవాలి. మీరు పెట్టుకోవలసిన గమ్యం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న జియాషిన్ అనే పాత బునున్ ఊరి స్థలం. మొదటి రెండు కిలోమీటర్లలోపే షాన్‌ఫెంగ్ అనే జలపాతమూ, వేలాడే వంతెనా వస్తాయి. అమ్మగారికి అక్కడే చాలనిపిస్తే అక్కడి నుంచి వెనుదిరిగినా ఆ రోజు వృథా కాదు. వంతెన ఊగుతుంది కాబట్టి ఒకరి తరువాత ఒకరు దాటండి.

మోకాలి విషయంలో ఒక మంచి కబురు ఉంది. ఈ దారి ఎక్కడా నిలువుగా ఎక్కదు, కొండను చుట్టుకుంటూ చాలా నెమ్మదిగా ఎత్తుకు వెళుతుంది. కొండచరియ విరిగినచోట పక్కనుంచి వేసిన మెట్లు కొన్ని ఉన్నాయి కానీ మిగిలినదంతా సాఫీ నడకే. అయితే ఆ సాఫీతనానికి కారణం తెలిస్తే మనసు కాస్త బరువెక్కుతుంది. దీనిని నడకకు వచ్చేవారి కోసం వేయలేదు. అప్పట్లో తైవాన్‌ను ఏలుతున్న జపాను పాలకులు 1919 నుంచి 1921 వరకు మధ్య పర్వతశ్రేణిని అడ్డంగా దాటుతూ వేసిన బాతోంగ్‌గ్వాన్ రహదారిలో తూర్పు కొస ఇది. పోలీసులు, సరకులు, అవసరమైతే ఫిరంగులు కూడా కొండ మీదికి చేరాలన్న ఉద్దేశంతో వాలు అంత తక్కువగా ఉంచారు. దారి పొడవునా బునున్ ఊళ్ల పక్కనే పోలీసు ఠాణాలు కట్టారు. ఈ రోజు మనం విశ్రాంతి కోసం ఆగే చదునైన స్థలాల్లో చాలావరకు ఆ ఠాణాల పునాదులే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. యూలీ ప్రాంతం రెండు భూఫలకాలు కలిసే అంచున ఉంది. 2022 సెప్టెంబరు 18న పక్కనే ఉన్న చిషాంగ్ దగ్గర 6.8 తీవ్రతతో వచ్చిన భూకంపం యూలీలో భవనాన్నీ, వంతెననూ కూల్చింది. తుఫాను వచ్చిన ప్రతిసారీ బాటలో ఏదో ఒక భాగం జారుతుంది, మూసివేస్తారు, మళ్లీ బాగుచేసి తెరుస్తారు. బయలుదేరే ముందు వారంలోనూ, ముందు రోజు సాయంత్రమూ ఉద్యానవనం ప్రకటనలు తప్పకుండా చూడండి. మూసి ఉన్నట్లయితే తాడు దాటి వెళ్లే ప్రయత్నం చేయవద్దు.


సమాధానం 2 (కొర్రల చేను):

పై సమాధానంలో దారి గురించి చక్కగా చెప్పారు. ఊళ్ల గురించి నాకు తెలిసినది కలుపుతాను. నేను మానవశాస్త్ర విద్యార్థినిగా ఇక్కడికి వచ్చాను. జువోషీ మండలంలోని ఒక బునున్ కుటుంబంతో కలిసి రెండుసార్లు జియాషిన్ దాకా నడిచే అవకాశం దొరికింది.

బునున్‌లు మొదట ఈ లోయవారు కారు. వారి పాత నివాసాలు పర్వతశ్రేణికి పడమర వైపు, నేటి నాన్టౌ జిల్లా కొండల్లో ఉండేవి. 18వ శతాబ్దంలో వేటకూ, కొత్త సాగు భూములకూ శిఖరాలు దాటి తూర్పుకు వచ్చి ఈ లోయలో ఊళ్లు కట్టుకున్నారు. ఊరు అంటే మన పల్లెలా ఇళ్లన్నీ ఒకచోట గుమిగూడి ఉండవు. ఒక వాలు మీద ఒక వంశం, కేక వేస్తే వినిపించే దూరంలో ఇంకొక వంశం ఉండేవి. పలకరాయిని పొరలు పొరలుగా పేర్చి గోడలు కట్టి, పైన కూడా రాతి పలకలే కప్పేవారు. వారి ప్రధాన పంట కొర్ర. మనం ఈ మధ్య ఆరోగ్యం కోసం వెతుక్కుని కొంటున్న ఆ కొర్ర చుట్టూనే వారి సంవత్సరమంతా తిరిగేది. విత్తే రోజు, కలుపు తీసే రోజు, కోత రోజు, ప్రతిదానికీ ఒక కర్మకాండ ఉండేది. ప్రపంచవ్యాప్తంగా సంగీతకారులు చెప్పుకునే వారి బృందగానం పసిబుత్‌బుత్ కూడా కొర్ర బాగా పండాలని చేసే ప్రార్థనే. మగవారు వలయంగా నిలబడి, ఒకరి స్వరం మీద ఇంకొకరు స్వరం కలుపుతూ నెమ్మదిగా పైకి తీసుకువెళతారు. దానిని 1943లో జపాను సంగీత పరిశోధకుడు కురోసావా తకతోమో రికార్డు చేశారు.

మీ నాన్నగారు ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయని అడుగుతారన్నారు. బునున్‌లకు తుపాకి వేట పనిముట్టు, పిల్లల కడుపు నింపే సాధనం. 1914 నుంచి జపాను పోలీసులు ఆ తుపాకులను లాక్కోవడం మొదలుపెట్టారు. 1915 మే నెలలో ఈ లోయలోనే కసివనా ఠాణా మీద దాడి జరిగి 10 మంది పోలీసులు, లోయ పైభాగంలోని దాఫెన్ ఠాణా మీద దాడి జరిగి 12 మంది పోలీసులు చనిపోయారు. దాఫెన్ దాడికి దాహు అలీ, అతని తమ్ముడు అజిమాన్ సికింగ్ నాయకత్వం వహించారు. ఆ తరువాత వచ్చినదే ఈ రహదారి. రహదారితో లోయ మొత్తం ఠాణాల చూపు కిందికి వచ్చింది. 1930లో మధ్య తైవాన్‌లో సీదిక్ ప్రజల వూషే తిరుగుబాటు జరిగాక, కొండ మీద ఆదివాసులను ఉండనివ్వడమే ప్రమాదమని పాలకులు తీర్మానించుకున్నారు. ఆ దశాబ్దంలో ఊరి తరువాత ఊరిని ఖాళీ చేయించి కొండల పాదానికి దించారు. నేటి జువోషీ మండలంలోని బునున్ గ్రామాలు చాలావరకు అలా ఏర్పడినవే. ఒకే ఊరివారిని వేరు వేరు చోట్ల సర్దారు, కొర్ర మానిపించి వరి నేర్పించారు. చల్లని కొండగాలికి అలవాటుపడిన శరీరాలను కింద మలేరియా పట్టుకుంది.

జియాషిన్‌లో ఇప్పుడు మీకు ఒక రాతి ఇల్లు నిలబడి కనిపిస్తుంది. అది పాత ఇల్లు కాదు, పాత ఇంటి చోటనే తిరిగి నిలబెట్టినది. ఇస్తాసిపాల్ వంశంవారు కొన్నేళ్ల కిందట తమ పూర్వీకుల శిథిల గృహాన్ని అదే స్థలంలో, అదే పద్ధతిలో పునర్నిర్మించుకున్నారు. రాయి పేర్చే పద్ధతి మరుగున పడిపోగా పెద్దల జ్ఞాపకాల నుంచి, మిగిలిన గోడల నుంచి చూసి మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు నాతో వచ్చిన పెద్దావిడ మొదట మాతో మాట్లాడలేదు. గడప దగ్గర కొద్దిగా మద్యం చిలకరించి, తాను ఎవరి కూతురో, ఎవరి మనుమరాలో వంశక్రమంలో పేర్లు చెప్పి, మేము ఎవరమో, ఎక్కడి నుంచి వచ్చామో ఇంటివారికి వివరించింది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని నేను అనుకుంటున్నానని గ్రహించి, ఆ తరువాత కారణం చెప్పింది.

బునున్‌ల పాత ఆచారం ప్రకారం ఇంట్లో చనిపోయినవారిని ఆ ఇంటి నేల కిందనే, కూర్చున్న భంగిమలో పాతిపెట్టి, పైన పలకరాయి పరిచి, ఆ రాతి మీదనే మిగిలినవారు జీవించేవారు. అందుకే కొండ దిగమన్నప్పుడు వారు వదిలివచ్చినది ఇళ్లూ పొలాలూ మాత్రమే కావు. బాట పక్కన నాచు పట్టిన రాతి గోడలు మీకు కనిపిస్తే వాటి లోపలికి అడుగు పెట్టకండి. ఫొటో కోసం ఆ గోడల మీద కూర్చునేవారిని నేను చూశాను. వారికి తెలియకపోవడమే కారణమని నమ్ముతాను. తెలిసినవారెవరూ తాతల సమాధి మీద కూర్చోరు. ఠాణాల దగ్గర పాత సీసాలు, పింగాణీ ముక్కలు పడి ఉంటాయి, వాటినీ తాకవద్దు.

వీలైతే ఒక బునున్ మార్గదర్శిని వెంట తీసుకువెళ్లండి. ఖర్చు కొంత పెరుగుతుంది. కానీ ఫలకం మీద ఒక వాక్యంగా ఉన్న సంగతి, ఆ ఊరి మనుమలు చెప్పినప్పుడు మీ నాన్నగారికి అందే తీరు వేరుగా ఉంటుంది.


సమాధానం 3 (జలగల బాధితుడు):

పెద్ద సంగతులన్నీ పైన వచ్చాయి, నేను చిన్నవి చెబుతాను. వాన పడిన మరుసటి రోజు ఆ అడవిలో జలగలు విపరీతంగా ఉంటాయి. పొడవు మేజోళ్లలోకి ప్యాంటు అంచులు దోపుకోండి, ఉప్పు పొట్లం జేబులో ఉంచుకోండి, పట్టిన జలగను లాగి పీకకండి. దారిలో దుకాణాలు లేవు. మీరు శాకాహారులైతే యూలీలోనే శాకాహార భోజనశాల చూసుకుని అన్నం పొట్లాలు కట్టించుకోండి.

కోతులు కనిపిస్తాయి, తినడానికి ఏమీ వేయవద్దు. అడవిలో కుక్క మొరిగినట్లు వినిపిస్తే భయపడనక్కరలేదు, అది ఒక చిన్న జాతి జింక అరుపు. ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. వాటి ముఖ్య నివాసం ఎంతో లోపల, సింధూర (ఓక్) జాతి చెట్ల కాయలు విరివిగా రాలే దాఫెన్ వైపు. అయినా 2018లో తల్లి నుంచి తప్పిపోయిన ఒక ఎలుగు పిల్ల బాట కింద ఉన్న నాన్ఆన్ జలపాతం దగ్గరే దొరికింది. దానిని సంరక్షించి, మనుషులకు అలవాటు పడకుండా పెంచి, 2019లో తిరిగి అడవిలో వదిలారు. కాబట్టి ఆహారపు చెత్త ఒక్క ముక్క కూడా బాట మీద వదలకండి. మాట్లాడుకుంటూ నడవండి, మనిషి అలికిడి వింటే ఎలుగు తనంతట తానే తప్పుకుంటుంది.


ప్రశ్న అడిగినవారు (షిన్చు పరిశోధక విద్యార్థి):

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ ఫోనులో నాన్నగారికి చదివి వినిపించాను. తుపాకులు, ఠాణాలు, రహదారి అనే మూడు మాటలు వినగానే ఆయన, ఇది మా చింతపల్లి కథే కదా అన్నారు. గూడెం ప్రాంతంలో రోడ్డు వేయడానికి కొండవారి చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించడం, ఆ కోపం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం కావడం, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడి చేసి తుపాకులు తీసుకువెళ్లడం, ఇవన్నీ వరుసగా చెప్పుకొచ్చారు. వలామి దారి పూర్తయిన మరుసటి సంవత్సరమే అది జరిగిందని నేను అప్పుడే గమనించాను. ఆ దాహు అలీ చివరికి ఏమయ్యాడని ఆయన అడిగారు. ఇంకొక చిన్న ప్రశ్న, వలామి, లకులకు అన్న పేర్లకు అర్థం ఉందా?


సమాధానం 2 (కొర్రల చేను):

నాన్నగారి పోలిక నన్ను ఆలోచింపజేసింది. అయితే ఒక తేడాను ఆయన దృష్టికి తీసుకురండి. మన్యంలో రోడ్డు పని తిరుగుబాటుకు ముందు వచ్చి దానికి ఒక కారణమైంది. లకులకు లోయలో తిరుగుబాటు ముందు జరిగింది, దానిని అణచడానికి రహదారి వచ్చింది. చింతపల్లిలో ఠాణాలోని తుపాకులు తిరుగుబాటుదారుల చేతికి వెళ్లాయి, ఇక్కడ వేటగాళ్ల చేతిలోని తుపాకులు ఠాణాకు వెళ్లడంతో గొడవ మొదలైంది. రెంటినీ ఒకటే కథగా చెప్పుకుంటే బునున్‌ల కథలో వారిదైన భాగం మరుగున పడుతుందని నా భయం.

దాహు అలీ పట్టుబడలేదు. దాఫెన్ దాడి తరువాత తనవారితో పర్వతశ్రేణి దాటి లావోనోంగ్ నది ఎగువ భాగంలోని తమహో అనే దుర్గమమైన చోటికి వెళ్లి, అక్కడ ఒక ఊరు కట్టుకున్నాడు. పోలీసులు అక్కడికి చేరలేకపోయారు. పద్దెనిమిదేళ్ల తరువాత, 1933లో, చాలా మంతనాలు జరిగాక గాని ఆ వర్గంతో సయోధ్య కుదరలేదు. జపాను ప్రభుత్వం దానిని లొంగుబాటుగా ప్రకటించుకుంది. బునున్‌లు రాజీ అని చెప్పుకుంటారు. నాకు వారి మాటే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే లొంగిపోయినవాడి దగ్గరకు ప్రభుత్వం పద్దెనిమిదేళ్లు రాయబారాలు నడపదు.

వలామి పేరుకు రెండు వివరణలు వినిపిస్తాయి. బునున్ భాషలో మరవి అంటే వెంట నడవడం, కలిసి రావడం అని ఒకటి. జపాను భాషలో ఒక రకం ఫెర్న్ మొక్కను వరబి అంటారు, దాని నుంచి వచ్చిందని రెండవది. బాట పొడవునా ఫెర్న్ మొక్కలు మనిషి ఎత్తున పెరిగి ఉంటాయి కనుక రెండవది కూడా తీసివేయదగినది కాదు.

లకులకు సంగతి మీ అమ్మగారికి చెప్పండి. బునున్‌లు కుంకుడు చెట్టును దహుదహు అంటారు. ఆ చెట్లు విరివిగా ఉన్నందువల్ల నదికి ఆ పేరు వచ్చిందని, అదే నోట నోట మారి లకులకు అయిందని చెబుతారు.


ప్రశ్న అడిగినవారు (షిన్చు పరిశోధక విద్యార్థి):

కుంకుడు నది అని చెప్పగానే అమ్మ మోకాలి మాట మరిచిపోయి, జియాషిన్ దాకా తప్పకుండా నడుస్తానంటోంది. యూలీలో రెండు రాత్రులు బస చేసి, మొదటి రోజు వాన పడితే రెండవ రోజు వెళ్లేలా ఏర్పాటు చేసుకుంటున్నాను. బునున్ మార్గదర్శి కోసం సందర్శక కేంద్రం ద్వారా అడుగుతాను. నవంబరులో ఆ చెట్లకు కాయలు ఉంటాయా? అమ్మ నాలుగు కాయలు తెచ్చుకుంటానంటోంది.


సమాధానం 1 (తూర్పు తీరం):

రెండు రాత్రుల ఆలోచన మంచిది. నవంబరుకు కాయలు పండి లేత గోధుమ రంగుకు వస్తాయి, ఆకులు కూడా పసుపు పచ్చగా మారుతూ ఉంటాయి. మన కుంకుడుకు అది దగ్గరి బంధువే, జాతి మాత్రం వేరు. ఇక్కడివారు కూడా సబ్బు రాకముందు దానితోనే బట్టలు ఉతుక్కునేవారు. జాతీయ ఉద్యానవనం హద్దులో రాలిన కాయనైనా తీయకూడదు కాబట్టి అమ్మగారిని చెట్టు కింద నిలబెట్టి చూపించండి. ఇంటికి కావాలంటే, కుంకుడుతో చేసిన సబ్బులు తైవాన్ దుకాణాల్లో దొరుకుతాయి.